గట్టి పిండం

మా వైపు ఎవరికైనా పెద్ద జబ్బు చేసి, పోతుందనుకున్న మనిషి నాలుగో రోజుకి లేచి బిందె చంకన పెట్టుకుని పంపు దగ్గరికి బయల్దేరితే "గట్టి పిండంరా అది" అంటారు. మా అమ్మని నా చిన్నప్పటి నుంచీ అట్టాగే అంటున్నారు. నన్ను పదహారేళ్ళ నుంచి హాస్పిటల్లో అంటున్నారు, కాస్త మర్యాదగా, "సిస్టర్ చాలా గట్టి మనిషి" అని.

గుంటూరు కొత్తపేటలో అడుగుకో ఆసుపత్రి. వాటిలో ఒకదాంట్లో కాన్పుల వార్డు చూసుకుంటాను. పేరెందుకు లెండి. పోయిన ఫిబ్రవరిలో ల్యాబ్ అబ్బాయి కొత్త మిషను వచ్చిందని సరదాగా నా వేలికి సూది గుచ్చాడు. హిమోగ్లోబిన్ 7.1. మిషను తప్పు చూపిస్తోందనుకుని ఇంకో వేలిచ్చాను. 7.0. ఆడవాళ్ళకి 12 ఉండాలి. ఏడున్న మనిషి కడుపుతో నా ముందుకొస్తే, వాళ్ళాయన్ని కూడా పిలిచి ఇద్దరికీ కలిపి చీవాట్లు పెడతాను.

అప్పుడు కూడా నా యూనిఫాం జేబులో గుప్పెడు పచ్చి బియ్యం ఉన్నాయి. ఏడాదిగా తింటున్నా. డ్యూటీ మధ్యలో నాలుగు గింజలు నోట్లో వేసుకుని పటపటా నమిలితే ప్రాణం లేచొచ్చినట్టుండేది. పాత బియ్యమైతే ఇంకా రుచి. నవ్వకండి. బియ్యమో సుద్దో మట్టిగడ్డో తినాలనిపిస్తే ఒంట్లో ఐరన్ తగ్గిందని అర్థం. అది నర్సింగ్ మొదటి ఏడాది పాఠం. చెకప్‌కి వచ్చిన ప్రతి అమ్మాయినీ "బియ్యం తింటున్నావా, నిజం చెప్పు" అని నిలదీసేది నేనే. ఒక చేత్తో వాళ్ళ కంటి రెప్ప కిందికి లాగి చూస్తూ, రెండో చెయ్యి జేబులో.

నెలసరి పదకొండు రోజులుండేది. తెల్ల యూనిఫాం కాబట్టి కాన్పయిన తల్లులకి పెట్టే పెద్ద ప్యాడ్లు పెట్టుకుని నెట్టుకొచ్చాను. స్కానింగ్‌లో గర్భసంచిలో రెండు గడ్డలు, పెద్దది 5 సెంటీమీటర్లు. మా డాక్టర్ మేడమ్ రిపోర్టు చూసి తలెత్తి, "ఇంత రక్తంతో ఎట్టా నడుస్తున్నావమ్మా నువ్వు? ఇంకొకళ్ళయితే ఎప్పుడో పడిపోయేవాళ్ళు. గట్టిదానివి కాబట్టి సరిపోయింది" అంది. నేనేం చేశానో తెలుసా? సిగ్గుపడుతూ నవ్వాను. మెళ్ళో ఎవరో పతకం వేసినట్టు. తరవాత ఎప్పుడో నాకు కోపమొచ్చింది. ఆమె మీద కాదు, ఆ నవ్వు మీద.

ఒక బాటిల్ రక్తం ఎక్కించుకుని మూడో రోజు డ్యూటీకొచ్చాను. ఐరన్ ఇంజక్షన్ల కోర్సు "తీరిక చూసుకుని" మొదలుపెడదామన్నాను. మార్చి 8న ఆడ స్టాఫందరికీ తలా ఒక గులాబీ, ఒక కప్పు ఇచ్చారు. కప్పు మీద సూపర్ ఉమన్ అని రాసుంది. ఆ సాయంత్రమే రావాల్సిన అమ్మాయి జ్వరమని రాలేదు. "సిస్టర్, ఈ ఒక్క నైటూ మీరు చూసుకోరా" అన్నారు. చూసుకున్నాను. టీ ఆ కప్పులోనే తాగాను. కప్పు బాగుంది, అబద్ధం చెప్పకూడదు.

*

మాది ప్రత్తిపాడు వైపు మాదిగపల్లె. జనవరి నుంచి వేసవి దాకా మిర్చి సీజను. నాన్న మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసేవాడు. అమ్మ, మా పల్లె ఆడవాళ్ళు ఆటోలో కుక్కుకుని ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీల వైపు ముచ్చికలు, అంటే కాయల తొడిమలు, తీయడానికి పోయేవాళ్ళు. కాయని ఎడమ చేత్తో పట్టుకుని కుడి బొటనవేలి గోటితో ముచ్చిక మొదట్లో ఒక్క నొక్కు. కాయ ఇటు, ముచ్చిక అటు, తాలుకాయ మూడో కుప్పలోకి. కూలి కిలోల లెక్క, కాబట్టి ఎవరూ తలెత్తరు. సెలవుల్లో నేనూ వెళ్ళాను రెండేళ్ళు. అరగంటకి తుమ్ములు ఆగిపోతాయి, అది నయమే. చేతుల మంట మాత్రం ఇంటికొచ్చాక మొదలవుతుంది. అమ్మ రాత్రిళ్ళు ఆముదం రాసుకుని, చేతులు రెండూ దుప్పటి బయట పెట్టుకుని పడుకునేది.

ఆ నాలుగైదు నెలలూ మేము ఏడిస్తే అమ్మ చేత్తో కళ్ళు తుడిచేది కాదు. తుడిస్తే ఇంకేమన్నా ఉందా! మోచేతి మడతలో మెత్తటి చోటు ఉంటుంది చూడండి, అక్కడ మా మొహం పెట్టి ఒత్తేది. ముక్కు కూడా దానికే. తల్లులందరూ అట్టాగే తుడుస్తారనుకునేదాన్ని నేను. మూడో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల పడితే వాళ్ళమ్మ వచ్చి అరచేత్తో కళ్ళు తుడిచింది. నేను ఆ పిల్లని "మండలేదా?" అని అడిగాను.

అమ్మకి ముప్ఫై నాలుగో ఏట గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని ఒక ఆసుపత్రికి పోతే "పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అయ్యిద్ది" అన్నారు. నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అప్పు ఆగదు కదా, ఇరవయ్యో రోజుకి అమ్మ మళ్ళీ మిర్చి కుప్ప ముందు కూర్చుంది. గట్టి పిండం అనే మాట నాకు బాగా గుర్తుండిపోయింది ఆ ఏడే. అన్నవాళ్ళలో ఆ షెడ్డు మేస్త్రీ కూడా ఉన్నాడు. ఆ రోజు ఆమెని సాయంత్రం ఆరు దాటిందాకా ఉంచాడు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మందయితే మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అమ్మ ఆ లెక్కలో కూడా లేదు, ఆమెది అంతకు చాలా ముందు సంగతి.

*

ఇదంతా నేను ఇట్టా వరసపెట్టి ఆలోచించేదాన్ని కాదు. మా చిన్నమ్మ కూతురు అమెరికాలో మేరీల్యాండ్‌లో నర్సు, కాన్పయిన తల్లుల వార్డులోనే. నా సంగతి వాళ్ళమ్మ ద్వారా తెలిసి ఫోన్లో నన్ను కడిగేసింది. అందులో తన వార్డు సీనియర్ గురించి చెప్పింది. నల్లజాతి ఆవిడ, ఇరవయ్యేళ్ళ సర్వీసు. ఒక రోజు బీపీ 180 ఉండగా కూడా డ్యూటీ దిగకుండా పనిచేస్తుంటే, మా చెల్లి మెచ్చుకోలుగా "మీరు భలే స్ట్రాంగ్" అందట. ఆవిడ చేతిలో ఫైలు కింద పెట్టి, "ఆ మాట నాకు చెప్పకు. నా జన్మలో ఆ మాట అన్న ప్రతివాళ్ళూ ఆ వెనకాలే ఒక పని చెప్పారు" అందట.

"అక్కా, నాకు పెద్దమ్మ గుర్తొచ్చింది" అంది చెల్లి. నాకు మేస్త్రీ గుర్తొచ్చాడు.

తరవాత ఆ రాత్రి డ్యూటీలో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. చెల్లి కొన్ని పంపింది, కొన్ని నేనే వెతుక్కున్నాను. అమెరికాలో 2023లో లక్ష కాన్పులకి తల్లుల మరణాలు తెల్లజాతి వాళ్ళలో 14.5, నల్లజాతి వాళ్ళలో 50.3. అంత డబ్బున్న దేశంలో! నార్త్ కరోలినాలో చెరిల్ వుడ్స్ గిస్కోంబే అనే ప్రొఫెసర్ నల్లజాతి ఆడవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించి 2010లో ఒక పరిశోధన రాసింది. ఎప్పుడూ గట్టిగా కనపడాలి, ఏడుపు బయటపెట్టకూడదు, ఎవరి మీదా ఆధారపడకూడదు, తన సంగతి పక్కనపెట్టి అందరికీ చెయ్యాలి, చేతిలో ఏమీ లేకపోయినా పైకి రావాలి. ఇట్టాంటి బరువు వాళ్ళ మీద ఎట్టా పడిందో, అది ఒంటిని ఎట్టా తింటుందో అందులో ఉంది. దానికి పెట్టిన పేరులో సూపర్ ఉమన్ అనే మాటే ఉంది. నా కప్పు మీద మాటే. ఆ ప్రొఫెసర్ నర్సింగ్ చదివిన మనిషే, నర్సింగ్ కాలేజీలోనే పాఠాలు చెబుతుంది. ఆ సంగతికి మాత్రం నాకు కొంచెం గర్వమేసింది.

కానీ నన్ను కుర్చీలోంచి లేపింది ఇంకొకటి. మా పరీక్ష గదిలో ట్రాలీ మీద రోజూ ఉండే వస్తువు సిమ్స్ స్పెక్యులమ్. రెండు వైపులా బాతుముక్కులా వంగి ఉండే స్టీలు పరికరం. ఎన్ని వేల సార్లు మేడమ్ చేతికిచ్చానో లెక్కలేదు. పేషంటుని ఎడమ పక్కకి తిప్పి మోకాలు మడిచి పడుకోబెడితే దాన్ని సిమ్స్ పొజిషన్ అంటాం, పరీక్షల్లో ఐదు మార్కులు. ఈ సిమ్స్ ఎవరని ఏ రోజూ అడగలేదు నేను. మేరియన్ సిమ్స్ అనే డాక్టరు. అలబామాలో మాంట్‌గోమరీ అనే ఊళ్ళో 1845 నుంచి 1849 దాకా, బానిసలుగా ఉన్న నల్లజాతి ఆడవాళ్ళ మీద ఆపరేషన్లు చేసి నేర్చుకున్నాడు. కాన్పు కష్టమై మూత్రసంచికి చిల్లు పడి, మూత్రం ఆగకుండా కారే బాధ వాళ్ళది. మత్తు ఇవ్వలేదు. ఈథర్ మత్తు 1846లోనే లోకానికి తెలిసింది, అయినా ఇవ్వలేదు. ఆ ఆడవాళ్ళలో మనకి తెలిసిన పేర్లు మూడే. అనార్కా, బెట్సీ, లూసీ. అనార్కా ఒక్కదానికే 30 సార్లు కోశాడు. స్పెక్యులమ్‌కి మొదట అతను వాడింది వంచిన చెంచా కాడట.

వాళ్ళు ఓర్చుకున్నారట. ఓర్చుకోక ఏం చేస్తారు, కాదనే హక్కు వాళ్ళ ఒంటి మీద వాళ్ళకే లేనప్పుడు? న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఆయనకున్న విగ్రహాన్ని 2018 ఏప్రిల్లో తీసేశారు. నల్లవాళ్ళకి నొప్పి తక్కువ తెలుస్తుందనే నమ్మకం మాత్రం విగ్రహంతో పాటు పోలేదు. 2016లో వర్జీనియా యూనివర్సిటీలో తెల్లజాతి వైద్య విద్యార్థుల్ని, జూనియర్ డాక్టర్లని అడిగితే సగం మంది, నల్లవాళ్ళ చర్మం మందమనో ఇంకోటో, ఏదో ఒక తప్పుడు మాట నిజమే అన్నారు.

ట్రాలీ దగ్గరికి వెళ్ళి ఆ పరికరం చేతిలోకి తీసుకుని కాసేపు నిలబడ్డాను. వార్డు ఆయమ్మ చూసి "స్టెరిలైజ్ అయిపోయినయ్యమ్మా అన్నీ" అంది.

*

వాళ్ళ కథని మన కథ అని లాక్కోవడం నాకిష్టం లేదు. వాళ్ళు మోసింది వాళ్ళది, దాని పేరు బానిసత్వం. మన పల్లెలకి వేరే పేరుంది. ఆ పేరుకి కూడా లెక్కలున్నాయి. మన దేశంలో దళిత స్త్రీ సగటున అగ్రకులాల స్త్రీ కంటే 14.6 ఏళ్ళ ముందు చనిపోతోందని ఐక్యరాజ్య సమితి మహిళా విభాగం 2018 నివేదికలో ఉంది. రెండు కథల్లోనూ ఒకటి మాత్రం కలుస్తుంది. ఎవరికి నొప్పి తెలుస్తుందో ఎవరికి తెలియదో పక్కవాళ్ళు ముందే తేల్చేసి ఉంచుతారు.

పక్కవాళ్ళు అంటున్నా గానీ, ఇక్కడ నేను తప్పించుకోకూడదు.

టెన్నిస్ ఆడే సెరీనా విలియమ్స్ 2017లో సిజేరియన్ అయిన మర్నాడు ఊపిరాడక, నాకు ఊపిరితిత్తుల్లో గడ్డ కట్టింది, స్కాన్ తీయండి అని నర్సుకి చెబితే, ఆ నర్సు నొప్పి మందు మత్తులో ఏదో మాట్లాడుతోంది అనుకుందట. స్కాన్ తీస్తే ఆమె చెప్పిందే నిజమైంది. ఇది చదివినప్పుడు నేను సెరీనాగా చదవలేదు. ఆ నర్సుగా చదివాను.

ఆరేళ్ళ క్రితం. పల్నాడు వైపు తండా నుంచి ఒక సుగాలీ అమ్మాయి, రెండో కాన్పు. నొప్పుల్లో ఒక్క అరుపు అరవలేదు, దుప్పటి అంచు పళ్ళ మధ్య పెట్టుకుని కనేసింది. పక్క బెడ్డులో టౌను అమ్మాయి పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తోంది, వాళ్ళవాళ్ళు నలుగురు నా చుట్టూ. కాన్పయిన గంటకి ఈ అమ్మాయి నా కొంగు... యూనిఫాంకి కొంగెక్కడిది, కోటు అంచు పట్టుకుని, "కింద బరువుగా ఉంది సిస్టర్, దొడ్డికి వచ్చినట్టుంది" అంది. మెల్లగా, పక్కవాళ్ళకి వినపడకుండా. "కుట్లు పడ్డయ్ కదా, ఉండిద్దిలే" అన్నాను. నాతోటి సిస్టర్‌తో అన్న మాట కూడా గుర్తుంది నాకు: "ఈ తండా వాళ్ళు గట్టోళ్ళు, వీళ్ళకి ఏం కాదు, నువ్వు ఆ పిల్ల సంగతి చూడు."

కుట్ల లోపల రక్తం గడ్డ కట్టి పెరుగుతోంది. బయటికి చుక్క రాదు, అందుకే ప్యాడు చూసి మోసపోతాం. బరువుగా ఉందన్న ఆ మాటే దానికి గుర్తు. నేను విద్యార్థులకి చెప్పే పాఠం. గంటన్నర తరవాత బీపీ చూసిన అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. నాడి 130, బీపీ 80. థియేటర్‌కి తీసుకెళ్ళి గడ్డ తీసి, నాలుగు బాటిళ్ళ రక్తం ఎక్కించారు. బతికింది. మర్నాడు పొద్దున నేను బెడ్డు దగ్గరికి వెళ్తే, పాలిపోయిన మొహంతో, "మిమ్మల్నందరినీ ఇబ్బంది పెట్టాను" అంది.

దానికి నేనిచ్చిన జవాబు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. "పర్లేదులే, గట్టిదానివి" అన్నాను. మిర్చి షెడ్డులో ఆ మాట విని పెరిగిన దాన్ని.

*

సెల్ఫ్ కేర్ అనే మాట మీద నాకు మంచి అభిప్రాయం ఉండేది కాదు. బ్రాడీపేటలో బ్యూటీ పార్లర్ బోర్డు మీద మొదటిసారి చూశాను, ఫేషియల్ మీద ఇరవై శాతం తగ్గింపుతో. నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ గురించి చదివాకే అది వేరే ఇంటి నుంచి వచ్చిన మాటని తెలిసింది. ఆమెకి 1978లో రొమ్ము క్యాన్సర్, 1984లో అది కాలేయానికి పాకిందని తేలింది. 1992లో పోయింది. ఆ జబ్బుతో ఉన్న రోజుల్లోనే రాసింది, నన్ను నేను చూసుకోవడం సుఖాలు మరగడం కాదు, ప్రాణం నిలుపుకోవడం, అది కూడా పోరాటమే అని. చావు కూర్చున్న ఇంట్లోంచి రాసిన మాటని పార్లర్ బోర్డు మీదికి ఎవరు తెచ్చారో!

అంత పెద్ద మాట నాకెందుకు, నాది ఐరన్ గొడవ. మార్చి ఆఖర్లో మేడమ్‌కి చెప్పేశాను, రోజు విడిచి రోజు ఐదు డోసులు, ఆ ఐదు రోజులూ డ్యూటీ చెయ్యను అని. డబుల్ డ్యూటీలు ఇక లేవని కూడా. గర్భసంచి తీసేద్దామా అంటే, తీయకుండా ఏమేం దారులున్నాయో ముందు అవి చెప్పండి మేడమ్ అన్నాను. రక్తం పోవడం తగ్గేందుకు గర్భసంచిలో హార్మోన్ లూప్ వేశారు. ఆరు నెలలు చూసి అప్పుడు మాట్లాడదాం అనుకున్నాం. మేడమ్ ఏమీ అనుకోలేదు. అనుకుంటారని పదహారేళ్ళు నేనే అనుకున్నాను. వార్డులో మాత్రం ఒకళ్ళిద్దరు, "సిస్టర్ మారిపోయింది" అన్నారని విన్నాను. ఇంట్లో మా ఆయన మొదటి రోజు మూడు సార్లు ఫోన్ చేశాడు. పప్పు డబ్బా ఎక్కడ, కుక్కర్ రబ్బరు ఎక్కడ, మూడోది గుర్తులేదు.

మూడో డోసు రోజు ఊరి నుంచి అమ్మ వచ్చింది. బస్టాండ్ నుంచి ఆటో ఎక్కకుండా నడిచే వచ్చింది, మానదు. నా మంచం పక్కన స్టూల్ మీద కూర్చుని, సెలైన్ సీసాలో ముదురు గోధుమరంగు మందు చుక్కచుక్కగా దిగడం చూస్తూ "చూట్టానికి బెల్లం పాకంలాగా ఉందే" అంది. కాసేపాగి, అడక్కుండానే చెప్పింది. "ఆపరేషనయినాక నాకు రెండేళ్ళు నడుం నొప్పి ఉండేది. కూర్చుంటే లేవలేకపోయేదాన్ని. పక్కన కూర్చునే ఆమె చెయ్యిచ్చి లేపేది, మేస్త్రీ చూడకుండా." ఇన్నేళ్ళలో అమ్మ నోట్లోంచి నొప్పి అనే మాట నేను వినడం అదే. ఎందుకు చెప్పలేదే అంటే, "ఎవురికి చెప్పను? నువ్వు బడికి బోతివి, మీ నాయన యార్డుకి బోయె" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఒక చేతికి సెలైన్, రెండో చేతిలో ఫోన్. అమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుని, వంగి, మోచేతి మడత నా కళ్ళ మీద ఒత్తింది. ఆమె మిర్చి ముట్టి పన్నెండేళ్ళవుతోంది.

అప్పుడే ఫోన్ మోగింది. వార్డు. వదిలేశాను. మళ్ళీ మోగింది. అమ్మ నా చేతిలోంచి తీసుకుని, పచ్చ బొత్తాం ఏదో వెతుక్కుని నొక్కి, పొలం అవతలి గట్టు మీదున్న మనిషితో మాట్లాడినట్టు అరిచింది.

"మా పిల్లకి ఒంట్లో బాగాలేదు. పడుకుంది. రేపు చెయ్యండి."